బాబాయి బొమ్మకి సాండ్ పేపర్ వద్దు

ప్రశ్న: మేముండేది అమెరికాలో, ఒహాయోలో. పోయిన చలికాలం ఇంట్లో ఊరికే కూర్చోలేక దగ్గర్లో చెక్క బొమ్మలు చెక్కేవాళ్ల క్లబ్బులో చేరాను. అంతా రిటైరైన పెద్దవాళ్లే, కౌబాయ్‌లు, చేపలు పట్టేవాళ్లు, పళ్లూడిన ముసలాళ్లు, ఇలా నవ్వు పుట్టించే బొమ్మలు చెక్కుతుంటారు. నాలుగు నెలలు తంటాలు పడి నేనూ ఒకటి చెక్కాను. బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్కలో ఏడంగుళాల బొమ్మ, పెళ్లిలో ప్లాస్టిక్ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా బాబాయి. కండువా జారిపోయింది, ఒక చెప్పు ఊడిపోయింది, చేతిలో తాంబూలం సంచీ మాత్రం గట్టిగా పట్టుకునే ఉంటాడు. రెండు నెలలుగా అలమరలోనే ఉంది, రంగు వేస్తే ఎక్కడ పాడవుతుందోనని భయం. వీడియో కాల్‌లో చూసి నాన్న "ఇంకా నున్నగా చెయ్యలేదేంట్రా, కొండపల్లి బొమ్మ చూడు ఎంత నీటుగా ఉంటుందో" అన్నారు. క్లబ్బులో వాళ్లేమో సాండ్ పేపర్ ముట్టుకోవద్దంటారు. మధ్యలో ముక్కు విరిగితే సూపర్ గ్లూతో అతికించాను కూడా. ఎలా చేశానో మనవాళ్లకి చూపించాలని ఉంది గానీ, మొదటి బొమ్మకే గురువునైపోయినట్టు ఉంటుందేమోనని సిగ్గుగా ఉంది. ముక్కు విరిగిన సంగతి కూడా చెప్పాలా?

సమాధానం: చెప్పాలి. అసలు ముక్కు సంగతే ముందు చెప్పాలి. దానికి మళ్లీ వస్తాను, ముందు నాన్నగారి మాట తేల్చుకుందాం, ఎందుకంటే మీ బొమ్మ అలమరలో ఆగిపోయింది రంగు భయంతో కాదు, ఆ ఒక్క మాటతోనే అని నాకనిపిస్తోంది.

నాన్నగారు తప్పేం అనలేదు, కొండపల్లి బొమ్మ చూసి పెరిగిన కన్ను అలాగే అంటుంది. కానీ ఆ పని పద్ధతే వేరు. తెల్ల పొనికి చెక్క చాలా తేలిక, మెత్తన. ఒళ్లు వేరుగా చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, అతుకులు సాపు చేసి, పైన సున్నం పూసి, అప్పుడు రంగులు వేస్తారు. అంటే మన కంటికి కనిపించేది చెక్క కాదు, పూత. కింద కత్తి ఎటు తిరిగిందో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మీరు చెక్కింది వేరే వంశం బొమ్మ. స్వీడన్‌లో ఆస్కార్షామ్న్ అనే ఊళ్లో ఆక్సెల్ పీటర్సన్ అని ఒకాయన ఉండేవాడు, 1868లో పుట్టి 1925లో పోయాడు, పుట్టిన ఊరి పేరు మీద డోడర్‌హుల్టార్న్ అనేవాళ్లు. చుట్టుపక్కల పల్లె జనాన్నే చెక్కేవాడు, రైతులు, వాళ్ల బక్క గుర్రాలు, పెళ్లిళ్లు, శవయాత్రలు. పెద్ద పెద్ద కోతలు కోసి అంచులు అలాగే వదిలేసేవాడు, రంగు వేస్తే పల్చగా వేసేవాడు. దగ్గర్నుంచి చూస్తే కత్తితో తెగ్గొట్టిన దుంగ ముక్క, నాలుగడుగులు వెనక్కొచ్చి చూస్తే నడుం పట్టేసిన ముసలాయన. అమెరికాలో ఇప్పుడు చెక్కుతున్న నవ్వు బొమ్మల్లో ఆ పల్లెల వాసన బాగానే ఉంది, 1990లో క్యారికేచర్ కార్వర్స్ ఆఫ్ అమెరికా అని ఓ సంఘం కూడా పెట్టుకున్నారు. ఈ రకం బొమ్మలో కత్తి కోతే నుదుటి ముడత, కత్తి కోతే పంచె మడత. దాన్ని సాండ్ పేపర్‌తో రుద్దారనుకోండి, అంచులన్నీ అరిగి బాబాయి నాలుగు రోజులు వాడిన సబ్బు బిళ్లలా తయారవుతాడు. పైగా ఆ కాగితం మీది గరుకు రవ్వ చెక్కలో ఇరుక్కుంటుంది, మళ్లీ ఎక్కడైనా కత్తి పెట్టాల్సొస్తే అంచు మొద్దుబారడం ఖాయం.

అలాగని నున్నగా చెయ్యకపోవడం అంటే పని ఎగ్గొట్టడం కాదు, నాన్నగారికి అనుమానం వచ్చింది అక్కడేమో కూడా. కత్తి కోతకీ చెత్త కోతకీ తేడా ఉంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, టేబుల్ లాంప్ ఒక్కటి బొమ్మకి పక్కగా పెట్టి మెల్లగా తిప్పి చూడండి. చంకలో, చెవి వెనక, గడ్డం కింద, కుర్చీ కాళ్ల లోపలి వైపు సగం తెగి వేలాడుతున్న పీచు కనిపిస్తుంది. వెనక వీపు మీద మొదట దుంగకున్న చదును అలాగే మిగిలిపోయి ఉంటుంది, రంపం గీతలు కూడా. అవన్నీ తియ్యాలి. కత్తిని తోలు పట్టా మీద బాగా సాన పట్టి, ఒక్కో చోట ఒక్కో కోత, గీకడం కాదు, కొయ్యడం. కండువా అంచు కింద, పంచె అంచు కింద కాస్త లోపలికి కొయ్యండి, అక్కడ నీడ పడితే గుడ్డ గుడ్డలా ఉంటుంది, లేకపోతే ఒంటికి అతికించిన అట్టలా ఉంటుంది. ఈ పనికే నాకైతే రెండు సాయంత్రాలు పడుతుంది, బొమ్మ పూర్తయిందని ఇంట్లో వాళ్లు ఎప్పుడో అనుకున్నాక.

ఇప్పుడు ముక్కు. మీ బొమ్మలో చెక్క నార తల నుంచి కాళ్లకి నిలువుగా ఉంటుంది కదా, ముక్కు దానికి అడ్డంగా బయటికొస్తుంది. అంటే నాలుగైదు మిల్లీమీటర్ల పొట్టి నారే దాన్ని పట్టుకుని ఉండేది, కత్తి కాస్త మెలిపెడితే టప్పున ఊడుతుంది. ముక్కు విరగని వాడు ఈ పనిలో ఉన్నాడంటే నేను నమ్మను. అతికించడం చిన్నతనమూ కాదు, నాన్నగారు మెచ్చుకునే కొండపల్లి బొమ్మకి చేతులు నిలబడింది అతుకుల మీదే, ఈ మాట ఆయనతో అని చూడండి. మీకు అసలు చిక్కు వేరే ఉంది. సూపర్ గ్లూ అతుకులోంచి కారి చుట్టుపక్కల చెక్కలోకి ఇంకి ఉంటుంది, అక్కడ పల్చటి రంగు పట్టదు. మొహమంతా రంగు పట్టి ముక్కు చుట్టూ తెల్లటి ఉంగరం మిగులుతుంది. కాబట్టి రంగుకి ముందే ఓ చుక్క నీళ్లు అక్కడ పెట్టి చూడండి, ఇంకకుండా పూసలా నిలబడితే జిగురున్నట్టే, కత్తి మొనతో ఉల్లిపొరంత మందాన తీసెయ్యండి.

తర్వాత బాబాయికి తలంటు. నవ్వకండి, రంగుకి ముందు బొమ్మని కడగాలి. నాలుగు నెలల చేతి జిడ్డు, పెన్సిల్ గీతలు అన్నీ దాని మీదే ఉన్నాయి, జిడ్డున్న చోట కూడా రంగు సరిగ్గా పట్టదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు ఒక్క చుక్క, మెత్తటి టూత్ బ్రష్, ఒకట్రెండు నిమిషాల్లో అయిపోవాలి. నానబెట్టొద్దు. తుడిచి ఒక రాత్రి గాలికి వదిలెయ్యండి, ఎండలోనూ హీటర్ ముందూ పెట్టొద్దు, బీటలిస్తుంది. తెల్లారి చూస్తే అక్కడక్కడ నూగు లేచి ఉంటుంది, కత్తితో తీసేస్తే సరి.

రంగు విషయంలో మీ భయానికి మందు ఒకటే, నీళ్లు. మామూలు అక్రిలిక్ రంగులే తీసుకోండి, చుక్క రంగుకి పది చుక్కలకి తగ్గకుండా నీళ్లు కలపండి. పేపరు మీద అచ్చు అక్షరాల మీద ఓ గీత గీసి చూడండి, అక్షరాలు చదవగలిగితే సరిపోయినట్టు. పల్చగా ఉంటే ఆరాక మళ్లీ వేసుకోవచ్చు, చిక్కగా వేశాక వెనక్కి తీసుకోలేం. చిక్కటి రంగు వేస్తే ఇంత కష్టపడి చెక్కిన చెక్క కాస్తా బజార్లో అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. పల్చటి రంగు నార వెంబడి పక్కకి పాకుతుంది, అందుకని రెండు రంగులు కలిసే చోట, చొక్కా అంచూ మెడా కలిసే చోట లాంటివి, వీ టూల్‌తోనో (మొన V ఆకారంలో ఉండే ఉలి) కత్తి మొనతోనో సన్నటి గాడి ఉండేలా చూసుకోండి, రంగు అక్కడ ఆగుతుంది.

ఒళ్లు రంగు గురించి మాత్రం మీ క్లబ్బు పెద్దమనుషుల్ని అడక్కండి. అక్కడ సీసా మీద 'ఒంటి రంగు' అని రాసి అమ్మేది ఎక్కువగా గులాబీ రంగు, అది పూస్తే బాబాయి ఎండకి కమిలిపోయిన టెక్సాస్ రైతు అయిపోతాడు. బర్న్ట్ సియెన్నా (ఎర్ర మట్టి రంగు), ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు) కలిపి, చామనఛాయకి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ఓ బొట్టు, మరీ ముదురనిపిస్తే తెలుపు ఓ బొట్టు. మొహం తడి ఆరకముందే ముక్కు కొస మీద, చెంపల మీద, చెవుల మీద, వేళ్ల కణుపుల మీద ఇంకాస్త ఎర్ర మట్టి రంగు తాకించి వదిలితే అదే పాకి కలిసిపోతుంది. గులాబీ చెంపలు వద్దు, అవి మనవాళ్లకి జ్వరం వచ్చినట్టుంటాయి. పంచెకి అచ్చ తెలుపు కూడా వద్దు, తెలుపులో చిటికెడు గోధుమ రంగు కలిపి పల్చగా పూసి, మడతల్లో కాస్త నీలం.

ఇక సంచీ. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే, ఒళ్లు తెలియకుండా నిద్రపోతూ కూడా తాంబూలం సంచీ వదలని చెయ్యి. నవ్వు ఆ పిడికిట్లో ఉంది, తెరుచుకున్న నోట్లో లేదు, నోరు తెరిచి నిద్రపోవడం ఎవరైనా చేస్తారు. కాబట్టి బొమ్మంతా మట్టి రంగుల్లో, వెలిసిన రంగుల్లో ఉంచి సంచీ ఒక్కదానికి పసుపు పచ్చ రంగు ఇంకాస్త చిక్కగా వెయ్యండి. చూసేవాడి కన్ను మొహం మీద పడి, చెయ్యి మీదుగా దిగి, సంచీ దగ్గర ఆగాలి. దాని మీద పెళ్లివారి పేర్లు రాయాలని సరదా పుడుతుంది మీకు, రాయకండి, ఆ సైజులో అక్షరాలు చీమలు పాకినట్టుంటాయి. ఎర్ర చుక్క ఒకటి పెట్టి వదిలెయ్యండి.

రంగు ఆరడానికి ఒక రోజు ఇచ్చి, మెరుపు లేని మ్యాట్ సీలర్, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన పూత, పల్చగా రెండుసార్లు స్ప్రే చెయ్యండి. ఆ తర్వాతే నూనె పని. ఈ వరస నేను నా బొమ్మ పాడుచేసుకుని నేర్చుకున్నాను. నేను మొదట చెక్కింది చిల్లర లేదని కేకలేస్తున్న బస్సు కండక్టర్ని. రంగు బాగా కుదిరింది, ఆ సంబరంలో సీలర్ వెయ్యకుండానే ఎవరో చెప్పారని అవిసె నూనెలో గోధుమ రంగు కలిపి బొమ్మంతా పూసేశాను. నెత్తి మీద, గడ్డం కింద, భుజాల మీద నార కొసలు పైకి తేలి ఉంటాయి కదా, అవి స్ట్రా వేసుకుని తాగినట్టు తాగేశాయి. కండక్టర్ కాస్తా బొగ్గు బస్తా మోసొచ్చినవాడిలా అయ్యాడు. తుడిచినా పోలేదు. ఇప్పటికీ ఉన్నాడు మా ఇంట్లో, ఫ్రిజ్ మీద.

సీలర్ వేశాక అయితే ఆ నూనె పనే బొమ్మకి ప్రాణం పోస్తుంది. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే ఆ అవిసె నూనెలోనే త్వరగా ఆరే రకం, ఇక్కడ మన పెయింట్ షాపుల్లో డబుల్ బాయిల్డ్ అని అమ్మేదే, దాంట్లో రా అంబర్ అనే గోధుమ రంగు ఆయిల్ కలర్ మిరియపు గింజంత కలిపి, బ్రష్‌తో గాడుల్లోకి పోయేలా పూసి, వెంటనే గుడ్డతో తుడిచెయ్యాలి. లోతుల్లో నీడ మిగులుతుంది, పైన కోతల అంచులు తేలతాయి, అప్పటిదాకా అరిచినట్టున్న రంగులన్నీ ఓ మెట్టు దిగి ఒక ఇంటివాళ్లలా కలిసిపోతాయి. నూనె వద్దనుకుంటే బ్రౌన్ వ్యాక్స్ కాస్త కలిపిన మైనంతో కూడా ఇంచుమించు అదే పని అవుతుంది.

కానీ ఆ తుడిచిన గుడ్డ సంగతి, ఇది మాత్రం దయచేసి ఆషామాషీగా తీసుకోవద్దు. అవిసె నూనె ఆరడమంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది, అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి పోవడానికి దారి లేక, అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది ఇలా వదిలేసిన లిన్సీడ్ నూనె గుడ్డల వల్లే, ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. మీ ఇళ్లేమో చెక్క ఇళ్లు. గుడ్డని బయట, సిమెంటు మీద, విప్పి పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి. ఇంకోటి, పేరుకి బాయిల్డ్ అంటారు గానీ త్వరగా ఆరడానికి అందులో లోహాల మందులు కలుపుతారు, కాబట్టి నోట్లో పెట్టుకునే పిల్లల చేతికి ఈ బొమ్మ ఇవ్వొద్దు.

ఇక చూపించడం. మనవాళ్లకి చూపించే ముందు ఒక మనిషికి చూపించాలి, బాబాయికి. ఆయన నవ్వితే అందరికీ చూపించండి, ఆయన మొహం మాడితే నాలుగు రోజులాగండి, పిన్నిగారే నచ్చజెప్తారు. నా లెక్క ఏంటంటే, మనిషి చేసే పనిని చూసి నవ్విస్తే ఆ మనిషి కూడా మనతోపాటు నవ్వుతాడు, బట్టతలనో పొట్టనో కుంటి కాలునో పెద్దది చేసి నవ్విస్తే లోపల గుచ్చుకుంటుంది. మీరు చెక్కింది నిద్రనీ సంచీనీ, అంచేత ఫరవాలేదనుకుంటున్నాను. అయినా అడగండి.

గురువునైపోతానేమోనని సిగ్గన్నారు. మీరు నేర్పొద్దు, చెప్పండి చాలు. 'ఇలా చెయ్యాలి' అనకుండా 'నేనిలా చేశాను, ఇక్కడ ఇలా అయింది' అనండి. ముప్పై ఏళ్లుగా చెక్కుతున్నవాడికి మొదటిసారి కత్తి పట్టినవాడి తిప్పలు గుర్తుండవు, మీకు ఇంకా వేలి మీద గాటు మానలేదు, కొత్తవాడికి మీ మాటే ఎక్కువ పనికొస్తుంది. ముక్కు ఊడిన ఫోటో ఉంటే అది పెట్టండి, లేకపోతే అతుకు గీత కనిపించేలా ఇప్పుడే, రంగుకి ముందే తీసి పెట్టుకోండి. ముక్కు విరిగి చెక్కడం మానేసిన వాడొకడు అది చూసి మళ్లీ మొదలుపెడతాడు. పూర్తయిన బొమ్మ ఒక్కటే చూపిస్తే 'బాగుంది బ్రో' అని రెండు చప్పట్ల బొమ్మలు పెట్టి వెళ్లిపోతారు.

బొమ్మ చెక్కుతున్నప్పుడు మధ్య మధ్య ఫోటోలు తియ్యలేదనే అనుకుంటున్నాను, ఎవరూ తియ్యరు, చేతుల్నిండా పొట్టు ఉంటుంది. దానికో ఉపాయం ఉంది. అంగుళం మందం, అంగుళం వెడల్పున్న పొడుగాటి బాస్‌వుడ్ కర్ర ఒకటి తీసుకుని, దాని మీద పైనుంచి కిందికి అదే మొహాన్ని అయిదు సార్లు చెక్కండి, ఒక్కోటి ఒక్కో దశలో ఆపేస్తూ. మొదటిదాంట్లో కర్ర మూల అంచు మీద ముక్కు కోసం ఉత్త రెండు గాట్లు, రెండోదాంట్లో కంటి గుంటలు, మూడోదాంట్లో చెంపలూ నోరూ, అలా చివరిది నిద్రపోతున్న బాబాయి. వీడియో ఆపి ఆపి చూసేకంటే ఆ ఒక్క కర్ర ఫోటో చూస్తే ఎక్కువ అర్థమవుతుంది, చేతికిస్తే ఇంకా ఎక్కువ. ఈసారి ఇండియా వచ్చినప్పుడు సూట్‌కేసులో పట్టుకురండి. కత్తులు మాత్రం చేతి సంచీలో వద్దు.

ఫోటోకి ఫ్లాష్ వెయ్యకండి, కోతలన్నీ చదునైపోతాయి. కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచే పడేలా పెట్టి, వెనక మెరవని బూడిద రంగు గుడ్డ. ముందు నుంచి ఒకటి, రెండు పక్కలా, వీపు వైపు కూడా, ఎందుకంటే చెక్కేవాళ్లు ముందు చూసేది వీపే. పక్కన అగ్గిపెట్టె పెడితే సైజు తెలుస్తుంది. బాస్‌వుడ్ మనవైపు సులువుగా దొరకదు కాబట్టి ఆ మాట కూడా చెప్పండి. ఇక్కడ మెత్తటిదంటే పొనికి, కాస్త గట్టిదైనా పరవాలేదంటే గుమ్మడి టేకు. లేకపోతే మీ ఫోటో చూసిన కుర్రాడు ఇంట్లో పాత టేకు తలుపు ముక్క తీసి, వంటింటి చాకుతో మొదలెట్టి, మొదటి రోజే ఆసుపత్రికి వెళ్తాడు. బొమ్మని పట్టుకునే చేతికి తెగని గ్లోవ్ వేసుకోవాలని పెద్ద అక్షరాల్లో రాయండి. కుర్చీలో కూర్చున్న భంగిమకి క్లబ్బులో ఎవరి డ్రాయింగో చూసుకుని ఉంటే ఆయన్ని అడిగి ఆయన పేరు కూడా వెయ్యండి.

అన్నట్టు, ఊడిపోయిన ఆ చెప్పు ఎక్కడుంది? ఉత్తరంలో చెప్పలేదు. విడిగా చెక్కకపోయి ఉంటే ఇప్పుడైనా చెక్కండి, బొమ్మ కింద పలచటి చెక్క పీట వేసి, పాదానికి కాస్త దూరంగా, నిద్రలో తన్నేసినట్టు పక్కకి తిప్పి అతికించండి. బోర్లా మాత్రం పెట్టకండి, చెప్పు బోర్లా పడితే ఇంట్లో గొడవలొస్తాయంటారు. మా అమ్మయితే అది చెక్క చెప్పయినా సరే, తిన్నగా పెట్టేదాకా ఆ గదిలో కూర్చోదు.